గోదారి గట్టున రాత్రి బస... గుడారమా? ఊయలా?

పగటి గోదావరి అందరికీ తెలుసు. పాపికొండల మలుపులు, పట్టిసీమ గుడి, ధవళేశ్వరం ఆనకట్ట, కోనసీమ కొబ్బరితోటలు... సినిమాల్లో చూశాం, లాంచీ ఎక్కి చూశాం, ఫొటోలూ దిగాం. రాత్రి గోదావరితో పరిచయం ఉన్నవాళ్లు మాత్రం తక్కువ. చీకటి పడేసరికి లాంచీ దిగి, బస్సెక్కి, ఏ రాజమండ్రి హోటల్ గదికో చేరిపోవడం మనకు అలవాటు.

ఇప్పుడా అలవాటు మారుతోంది. వారాంతం వస్తే చాలు, కుర్రాళ్లు వీపుకు సంచీలు తగిలించుకుని మారేడుమిల్లి దారి పడుతున్నారు. ఆ సంచీల్లో మడతపెట్టిన గుడారాలుంటున్నాయి. కొందరి దగ్గరైతే గుప్పెట్లో పట్టేంత నైలాన్ ఊయల కూడా! రెండు చెట్ల మధ్య కట్టుకుని అందులోనే రాత్రంతా నిద్రపోతారట. దాన్నే హ్యామక్ అంటున్నారు. కాలేజీకెళ్లే అబ్బాయి ‘ఫ్రెండ్స్‌తో అడవిలో క్యాంపింగ్‌కి వెళ్తానమ్మా’ అని అడగ్గానే ఇంట్లో అమ్మ గుండె గుభేలుమంటుంది. ‘పాములుంటాయిరా... ఏదన్నా జంతువొస్తే?’ అంటుంది. అబ్బాయేమో ‘టెంటుందిగా!’ అంటాడు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, కొంత పొరపాటుంది. ఆరుబయట రాత్రి గడపడంలో అసలు భయపడాల్సింది దేనికి? గుడారం దేన్నుంచి కాపాడుతుంది? ఊయల దేన్నుంచి? గోదావరి తీరంలో ఎక్కడ ఏది పనికొస్తుంది? కాస్త వివరంగా చూద్దాం.

మనకు కొత్తేం కాదు

నిజానికి గోదావరి జిల్లాల వాళ్లకు ఆరుబయట నిద్ర కొత్త కాదు. ఫ్యాన్లు లేని రోజుల్లో వేసవి వచ్చిందంటే వాకిట్లో నీళ్లు చల్లి, వరసగా నులకమంచాలో మడతమంచాలో వేసేవారు. డాబా ఉన్నవాళ్లు డాబా ఎక్కేవారు. నాలుగు కర్రలు కట్టి దోమతెర దించితే అదే గది, అదే గుడారం. పిల్లలు చుక్కలు లెక్కపెడుతూ నిద్రపోయేవారు.

లంకల్లో రైతులు పంటను కాపాడుకోవడానికి మంచె కట్టి, రాత్రుళ్లు దాని మీదే ఉండేవారు. కింద నుంచి నాలుగు గుంజలు, పైన వెదురు తడిక, ఆపైన తాటాకు కప్పు... అంతే! అడవిపందుల నుంచి పోడు చేలను కాచుకునే కొండరెడ్లదీ అదే పద్ధతి. చేపల వేటకు వెళ్లినవాళ్లు పడవలోనే నడుం వాల్చేస్తారు. వీటన్నింటిలో ఒక పోలిక గమనించారా? ఎవరూ నేల మీద పడుకోరు! మంచం, మంచె, పడవ... నేలకూ ఒంటికీ మధ్య ఎంతో కొంత ఎడం ఉండాల్సిందే.

ఇక ఊయలంటారా? మన ఇళ్లలో పుట్టిన ప్రతి బిడ్డా దాదాపు అందులోనే పెరిగింది. దూలానికి చీర కట్టి బిడ్డను పడుకోబెడితే చీమ ఎక్కదు, తేలు పాకదు. వరినాట్లకు వెళ్లే తల్లులు గట్టు మీద చెట్టుకొమ్మకు పాత చీరతో జోలె కట్టి బిడ్డను అందులో వేసేది ముద్దు కోసం కాదు, పురుగూ పుట్రా అంటకుండా ఉండడం కోసం. ఇవాళ వేలు పోసి కొంటున్న హ్యామక్‌లోని అసలు సూత్రం అదే.

నావికుల పడక

పెద్దవాళ్లు పడుకునే ఊయలకు పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండపు దీవులు. అక్కడి టైనో తెగవాళ్లు నూలుతో వల ఊయలలు అల్లుకుని వాటిలో నిద్రపోయేవారు. 1492లో కొలంబస్ బృందం వాటిని చూసింది. హ్యామక్ అన్న పేరు కూడా ఆ తెగవాళ్ల భాష నుంచి వచ్చిందే. తడి నేల, చీమలు, పాములు ఉండే చోట వాళ్లకు తోచిన ఉపాయమది. ఆ తర్వాత యూరప్ నావికులు దాన్ని ఓడల్లోకి తీసుకెళ్లారు. ఓడ ఎటు ఒరిగినా ఊయల నిటారుగానే వేలాడుతుంది కాబట్టి నిద్రలో దొర్లి పడిపోయే భయం ఉండదు. 16వ శతాబ్దం చివరికల్లా బ్రిటిష్ నౌకాదళంలో అది మామూలు పడక అయిపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఒక అడుగు ముందుకేసి పైన వాన కప్పు, చుట్టూ దోమతెర కుట్టిన అడవి ఊయలలు తయారుచేయించింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే క్యాంపింగ్ ఊయలలకు అదే మాతృక.

ఎక్కడ ఏది?

గోదావరి తీరమంతా ఒకే రకంగా ఉండదు. పైన అడవి కొండలు, మధ్యలో ఇసుక తిన్నెలు, కింద కొబ్బరితోటలు, చివర్న సముద్రం. రాత్రి పడక కూడా చోటును బట్టి మారాల్సిందే.

ముందుగా కొండల సంగతి. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా 80 కిలోమీటర్లకు పైగా వెళ్తే మారేడుమిల్లి. దారిపొడవునా టేకు, వెదురు, మద్ది చెట్లు. జలతరంగిణి, అమృతధార జలపాతాలూ జంగిల్ స్టార్ క్యాంపూ పక్కనే పారే వలమూరు వాగూ ఈ ప్రాంతానికి పెట్టింది పేరు. వెదురు గొట్టంలో మాంసం కూరి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ సరేసరి. ఇక్కడ నేల ఎగుడుదిగుడు. రాళ్లు, వేళ్లు, ఎండుటాకులు... గుడారం వేద్దామంటే చాపంత చదును దొరకడం కష్టం. వాన పడిందంటే పల్లంలో వేసిన గుడారం కిందకు నీళ్లొస్తాయి. ఊయలకు ఈ బాధ లేదు. పన్నెండు పదిహేను అడుగుల ఎడంలో రెండు గట్టి చెట్లుంటే చాలు, కింద బండరాయి ఉన్నా వాలు ఉన్నా ఒకటే.

అయితే చెట్టును చూసి కట్టాలి. కనీసం మన తొడంత లావున్న పచ్చని చెట్టే పనికొస్తుంది. ఎండిన మాను, చెద పట్టిన మాను వద్దు. వెదురు పొదకు అసలే కట్టకూడదు, వంగుతుంది, ముళ్లూ గుచ్చుకుంటాయి. కట్టేముందు తలెత్తి చూడాలి. పైన ఎండుకొమ్మ వేలాడుతుంటే అక్కడ్నుంచి కదలాల్సిందే. అడవిలో రాత్రి మీద పడేది పులికన్నా ఎండుకొమ్మ కావడానికే అవకాశం ఎక్కువ! సన్న తాడు బెరడును కోసేస్తుంది కాబట్టి రెండంగుళాల వెడల్పు పట్టీ వాడితే చెట్టుకూ మంచిది, మనకూ మంచిది.

ఇక ఇసుక తిన్నెలు. గోదావరి మధ్యలో వెన్నెల్లో మెరిసే ఇసుక మీద పడుకోవడం కన్నా హాయి ఇంకేముంటుంది అనిపిస్తుంది. పాపికొండల టూర్లో కొల్లూరు ఇసుక తిన్నె మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస ఒకప్పుడు పెద్ద ఆకర్షణ. ఇసుకలో చెట్లుండవు కాబట్టి ఊయల ప్రసక్తే లేదు, గుడారమే దిక్కు. కాకపోతే ఇసుకలో మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు వాటికి కట్టి, అడుగు లోతున పాతిపెడితే గాలికి గుడారం లేచిపోదు.

కోనసీమకు వస్తే రెండు కొబ్బరిచెట్లు, మధ్యలో ఊయల, ఎదురుగా గోదారి పాయ... క్యాలెండర్ బొమ్మలా ఉంటుంది కదూ! ఫొటోకు బాగుంటుంది గానీ నిద్రకు కాదు. అరవై అడుగుల ఎత్తు నుంచి కిలో పైగా బరువున్న కాయో, ఎండిన మట్టో పడితే ప్రాణానికే ముప్పు. దింపు తీయని చెట్టు కింద గుడారమైనా, ఊయలైనా, మడతమంచమైనా వేయకూడదు. తోటలో ఉండాలనుకుంటే మామిడో చింతో వెతుక్కోవడం మేలు.

నేల మీద భయం

‘పాములుంటాయిరా’ అన్న అమ్మ మాట దగ్గరకొద్దాం. అది ఉత్త భయం కాదు. 2000 నుంచి 2019 వరకు మనదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వానాకాలంలోవే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది.

రాత్రి నిద్రలో కాటు వేసేవాటిలో ముఖ్యమైంది కట్లపాము. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటి మీద తెల్లని సన్న కట్లతో ఉంటుంది. పగలంతా ఎక్కడో దాక్కుని రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి చేరడం దీని తీరు. మనిషి కదిలితే కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు కూడా. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం... ఏమైందో తెలిసేలోగా ఆలస్యమైపోతుంది.

దీనికి మందు ఏమిటంటే, నేలకు ఎడంగా ఉండడం లేదా చుట్టూ పూర్తిగా మూసుకుని ఉండడం. మన పెద్దవాళ్ల మంచం మొదటి పని చేసింది. పరుపు కిందకు దోపిన దోమతెర రెండో పని చేసింది. నేపాల్ తరాయి ప్రాంతంలో జరిగిన అధ్యయనంలోనూ దోమతెర కింద పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు తక్కువని తేలింది. ఈ లెక్కన ఊయలకూ గుడారానికీ రెండింటికీ పాస్ మార్కులే. కాకపోతే ఒక షరతు. గుడారం అడుగు చిరగకుండా ఉండాలి, జిప్పు చివరిదాకా వేయాలి. గాలి రాలేదని ఓ జానెడు తెరిచి పడుకుంటే గుడారం ఉన్నా లేనట్టే!

పాము పోతే దోమ. ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉంది. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూటే. ఊయలలో ఇక్కడో చిక్కుంది. పైన తెర ఉన్నా, కింద మన వీపు పలచని గుడ్డకు ఆనుకుని ఉంటుంది. దోమ ఆ గుడ్డలోంచే కుట్టేస్తుంది. అందుకే కింద ఓ దళసరి దుప్పటో పలచని పరుపో పరుచుకోవాలి. చలికాలంలో అది ఎలాగూ తప్పదు. డిసెంబరు, జనవరిల్లో మారేడుమిల్లి వైపు తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి. ఊయలలో ఆ చలి కింద నుంచి వస్తుంది. పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా వీపు గడ్డకట్టుకుపోతుంది. గుడారంలో అంత చలి ఉండదు. కాకపోతే మన ఊపిరి తేమ గుడ్డకు పట్టి తెల్లారేసరికి ముఖం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది.

గుడ్డ గోడ ధైర్యం

గుడారంలోకి దూరి జిప్పు లాగగానే మనసుకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. చుట్టూ గోడలున్నాయిగా! ఊయలలో పడుకున్నవాళ్లకు మాత్రం మొదటి రాత్రి నిద్ర పట్టదు. నాలుగు వైపులా అడవి కనిపిస్తూనే ఉంటుంది. ఆకు రాలినా ఉలికిపడతారు. ఇంతకీ ఆ గుడ్డ గోడ దేన్ని ఆపుతుంది? పామును, తేలును, దోమను ఆపుతుంది. ఎలుగుబంటినో, అడవిదున్ననో ఆపలేదు. అయినా ధైర్యమిస్తుంది. ఊయలలో ఉన్నవాడికి ఆ ధైర్యం లేదు గానీ అవతల ఏముందో కనిపిస్తుంది. లైటు వేసి చూస్తే అటుగా వెళ్తోంది ఏ కుందేలో అని తెలిసిపోతుంది. గుడారంలో ఉన్నవాడికి ఆ కుందేలు అడుగుల చప్పుడే పులి నడకలా వినిపిస్తుంది!

నిజమే, ఈ అడవుల్లో జంతువులున్నాయి. పాపికొండలకు తెల్లవాళ్లు పెట్టుకున్న పేరే బైసన్ హిల్స్, అంటే అడవిదున్నల కొండలని. 1978లో అభయారణ్యమైన ఈ ప్రాంతం 2008లో జాతీయ ఉద్యానవనమైంది. చిరుతలు, ఎలుగుబంట్లు, పెద్దపులులు కూడా ఉన్న అడవి ఇది. అవి అడవిలోనే ఉంటాయనీ లేదు. 2022 వేసవిలో ప్రత్తిపాడు చుట్టుపక్కల పల్లెల్లో పెద్దపులి తిరిగింది. 2024 సెప్టెంబరులో రాజమండ్రి ఊరి చివర దివాన్‌చెరువు దగ్గర చిరుత కనిపించి జనం తలుపులు బిగించుకున్నారు.

అలాగని అవి మనిషిని వెతుక్కుంటూ రావు. వాటిని రప్పించేది మన తిండి వాసన. తిన్న ఎముకలు, మిగిలిన అన్నం పడక పక్కనే పారేస్తే ముందు కుక్కలో నక్కలో వస్తాయి, పందులొస్తాయి, వాటి వెనక ఇంకేదైనా రావచ్చు. వంట ఒకచోట, పడక కనీసం వంద అడుగుల అవతల. ఏ జంతువు నీళ్లు తాగే దారిలోనూ పడుకోకూడదు. వాగు ఒడ్డున అడుగుల గుర్తులు కనిపిస్తే అది వాటి దారి, మనది కాదు. గుడారమా ఊయలా అన్నదానికన్నా ఈ జాగ్రత్తే ముఖ్యం.

అసలు భయం నీటితోనే

ఇన్ని చెప్పుకున్నాం గానీ గోదావరి దగ్గర మనుషుల ప్రాణాలు తీసింది పులులు కాదు... నీళ్లు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు. అది వరదల కాలం, అప్పుడు క్యాంపింగ్‌కు ఎవరూ వెళ్లరు అనుకోవచ్చు. కానీ వాగులకు కాలంతో పనిలేదు. పైన కొండల్లో ఓ గంట గట్టి వాన పడితే, మనమున్న చోట చుక్క పడకపోయినా, వాగు ఒక్కసారిగా పొంగుతుంది. ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో గుడారం వేయడం అన్నింటికన్నా పెద్ద ప్రమాదం. ఒడ్డున చెట్ల మీద చెత్త చిక్కుకుని ఎంత ఎత్తున వేలాడుతోందో చూడండి. నీళ్లు అంతవరకూ వచ్చాయని దానర్థం. పడక దానికన్నా పైన ఉండాలి. ధవళేశ్వరం దిగువ లంకల్లోనైతే బ్యారేజీ గేట్ల సంగతి, సముద్రం దగ్గరైతే పోటు సమయం తెలుసుకోకుండా ఇసుకలో పడుకోకూడదు.

2018 మే 15 సాయంత్రం దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గిరిజనులతో వస్తున్న లాంచీ ఈదురుగాలికి మునిగిపోయింది. వాన జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసేసుకోవడంతో లోపలివాళ్లు బయటపడలేకపోయారు. మరుసటి ఏడాది, 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న పర్యాటక బోటు మునిగితే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాతే నది వెంట కంట్రోల్ రూములు పెట్టి బోట్ల తనిఖీ మొదలుపెట్టారు.

మంటూరు ఘటన రాత్రి బస గురించి కూడా ఓ మాట చెబుతుంది. మూసుకున్న తలుపు కొన్నిసార్లు రక్షణ, కొన్నిసార్లు బోను. గుడారంలో పడుకున్నా ఊయలలో పడుకున్నా చీకట్లో, నిద్రమత్తులో, పది సెకన్లలో బయటకు రాగలగాలి. జిప్పు ఏ వైపుందో, టార్చి ఎక్కడుందో, చెప్పులు ఎక్కడున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. పడుకునేముందు ఇంట్లోవాళ్లంతా ఒకసారి ఇలా బయటకు వచ్చి చూసుకుంటే సరి. పిల్లలకది ఆటగానూ ఉంటుంది.

పిల్లాపాపలతో వెళ్తే...

ఊయల ఒంటరివాళ్ల పడక. ఒక్కొక్కరికి ఒక్కోటి కావాలి. చిన్నపిల్లల్ని చీకట్లో వేరే ఊయలలో పడుకోబెట్టడం కుదిరే పనికాదు, పక్కన వేసుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. పెద్దవయసు వాళ్లకు ఎక్కడం, దిగడం కష్టం. నడుంనొప్పి ఉన్నవాళ్ల సంగతి సరేసరి. కాబట్టి కుటుంబంతో వెళ్తే గుడారమే మేలు. పగలు మాత్రం ఓ ఊయల కట్టండి. పిల్లలు దాన్నిక వదలరు. పాతికేళ్ల కుర్రాళ్లు అడవిలోకి వెళ్తుంటే ఊయల బరువు తక్కువ, చోటు తక్కువ, నేలతో పనిలేదు.

ఇంకో మాట. గుడారమో ఊయలో కొన్నంత మాత్రాన ఎక్కడపడితే అక్కడ పడుకోవచ్చని కాదు. జాతీయ ఉద్యానవనంలో, కోరింగ మడ అడవుల అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఉండడం నేరం. మారేడుమిల్లిలో అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు నడిపే బసలున్నాయి. అక్కడుంటే మనతోపాటు అడవి తెలిసిన మనిషి ఒకరుంటారు. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ చెట్టు కింద చీమల పుట్టుందో, ఏ అరుపు గుడ్లగూబదో, ఏది కుక్కలా మొరిగే జింకదో ఆయనకు తెలుసు. ‘ఆయ్, అది పెద్ద భయం కాదండీ, పడుకోండి’ అని ఆ మనిషి అన్నాక వచ్చే నిద్ర ఏ కంపెనీ గుడారమూ ఇవ్వలేదు. మన తాతల మంచె మీదా కాపలాకు ఉన్నది ఆ తెలివిడే. పడక ఏదైనా, దాన్ని సంపాదించుకుని వెళ్తే రాత్రి గోదావరి కూడా మన ఊరి గోదారే!

వెళ్లేముందు...

* నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వానాకాలంలో ఆరుబయట బస వద్దు. వేసవిలో అడవిలో నిప్పు రాజేయొద్దు.

* ఊయల తాళ్లు నేలకు సుమారు 30 డిగ్రీల వాలుతో ఉండాలి. కూర్చుంటే కుర్చీ ఎత్తులో ఉండాలి. నిటారుగా కాక ఐమూలగా పడుకుంటే నడుం వంగదు.

* తాడు వెంట వాననీళ్లు జారి పడక తడపకుండా, కప్పు లోపలి వైపున చిన్న దారం ముక్క వేలాడదీయండి. నీళ్లు అక్కడే కారిపోతాయి.

* బూట్లు రాత్రంతా బయట ఉంచితే తెల్లారి దులిపి తొడుక్కోండి. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయొద్దు.

* ఉరుములు మొదలైతే ఒంటరి చెట్టు కింద ఊయలలో ఉండకూడదు. ఇసుక తిన్నె మీద గుడారంలోనూ ఉండకూడదు. వాహనంలోకో పక్కా ఇంట్లోకో వెళ్లాలి.

* పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయొద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, పాము మందు ఉండే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఘాట్ రోడ్డులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. దగ్గర్లో ఎక్కడ ఫోన్ పలుకుతుందో పగలే చూసి పెట్టుకోండి.

* పోలవరం కాఫర్ డ్యామ్ వచ్చాక, 2021 నుంచి దేవీపట్నం చుట్టుపక్కల నీటిమట్టం లెక్క మారిపోయింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. పాత ఫొటోలు చూసి ఇసుక తిన్నెలు వెతకొద్దు. బోటు నడుస్తోందో లేదో, రాత్రి బస ఉందో లేదో ముందుగా కనుక్కుని బయల్దేరండి.